పొద్దుగూకేలోగా తుడిచిన బొమ్మలు

మొన్న పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ఒకరు ఫోన్ చేసినారు. పుస్తకం చివర బొమ్మలు వేసినవాళ్ళ పరిచయం ఉంటది గదా, ఈసారి దాని పక్కన వాళ్ళు చిన్నప్పుడు గీసిన బొమ్మ ఒకటి అచ్చేస్తారంట. అందరూ పంపినారు, మీదొక్కటే రాలేదు మేడం అన్నది ఆ అమ్మాయి. నా దగ్గర లేదన్నాను. ఒక్కటి కూడా దాచుకోలేదా అన్నది. దాచుకునే రకం బొమ్మలు కావమ్మా అవి, ఏ రోజువి ఆ రోజు తుడిచేసేవాళ్ళం అన్నాను. అయ్యో, ఎంత పాపం అన్నది ఆ పిల్ల. నాకు నవ్వొచ్చింది. పాపమూ లేదు, పుణ్యమూ లేదు. మా ఇంటి కానూను అది.

మాది మార్కాపురం. పలకల ఊరు. మా నాయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పనిచేసేవాడు. గనిలో నుంచి వచ్చిన రాయిని పొరలు పొరలుగా చీలుస్తారు, ఆ పొరల్ని కొలతకి కోస్తారు, నున్నగా రుద్దుతారు, చుట్టూ కట్టె చట్రం బిగిస్తారు. చెప్పడానికి ఇంతే, చేసేవాళ్ళకి తెలుస్తది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉండేది. మూల పగిలినవీ, చట్రానికి పనికిరానివీ సంచిలో వేసుకొని వచ్చేవాడు. మా ఇంట్లో పలకముక్క లేని చోటు లేదు. కుండల మీద మూతలు అవే, దొడ్లో కాళ్ళు కడుక్కునే చోట పరిచినవీ అవే. మంచం కోడు ఎగుడుదిగుడుగా ఉంటే కింద దూర్చేదీ అదే. మిగతా పిల్లలకి ఒక్క పలక పగిలితే ఇంట్లో వీపు విమానం మోత మోగేది. నాకు ఆ బాధ లేదు. నా చుట్టూ ఉన్నవన్నీ పగిలిన పలకలే.

మేము ముసల్మాన్లమే గానీ ఇంట్లో మాట తెలుగు. మా తాతల కాలంలో దూది ఏకేవాళ్ళంట. ఊర్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు "మీరు దువా కూడా తెలుగులోనే చేస్తారా?" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, ఊరుకునే రకం కాదు. "అల్లాకి తెలుగు రాదని నీకెవురు జెప్పినారు?" అని మొఖం మీదే అడిగేది. అట్ల అడిగేది గానీ ఆ ఎకసెక్కం లోపల గుచ్చుకునే ఉంటది. అందుకేనేమో, కట్టుబాట్ల దగ్గర వాళ్ళకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు పక్కింటివాళ్ళ మేకని పలక మీద గీసినాను. జేజి అరుగు మీద చేటలో బియ్యం ఏరుతా ఉన్నింది. తీసుకపోయి చూపించినాను.

"ఏందే ఇది?"

"మేక జేజీ."

"మేకని తెలుస్తానే ఉంది. ఎందుకు గీసినావు?"

"బాగుంది గదా."

"బాగుంటే గీసేస్తావా? ప్రాణం ఉన్నదాన్ని గీయగూడదు. ఖయామత్ రోజు చచ్చినోళ్ళందరినీ లేపి నిలబెట్టి లెక్కలడుగుతాడు అల్లా. 'ఇదిగో నువ్వు గీసిన మేక, దీనికి ప్రాణం పొయ్యి' అంటాడు. పోస్తావా? నోరు ఎళ్ళబెట్టుకొని నిలబడతావు."

నేను నిజంగానే భయపడినాను. అంతమంది ముందర మేకని పట్టుకొని నిలబడి ఉన్నట్టు కళ్ళ ముందు కనపడింది. అయినా నా నోరు ఊరుకుంటే గదా. "తుడిచేస్తే?" అన్నాను.

జేజి చేటలోకి వంగింది. ఒక రాయి ఏరి పారేసింది. ఇంకొకటి ఏరింది. "తుడిస్తే లేనట్టే గదా" అన్నది చివరికి. అని తీర్పు చెప్పింది. పొద్దుగూకేలోగా తుడిచెయ్యాల. మసీదులో సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినపడేసరికి ఇంట్లో ప్రాణం ఉన్న బొమ్మ ఒక్కటి ఉండగూడదు. ఈ తీర్పు మసీదు పెద్దలెవరైనా ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. జేజి ఎవరినీ అడగలేదు. ఆమె పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఇంక అప్పటినుంచి అదే పద్ధతి. చెట్టుకీ చేమకీ అడ్డం లేదు. కొండలు ఉండొచ్చు, కుండలు ఉండొచ్చు. బస్సు ఉండొచ్చు, డ్రైవరు ఉండగూడదు. నేను సగం సగం తుడిచేదాన్ని. అందువల్ల రాత్రిపూట మా ఇంట్లో డ్రైవరు లేని బస్సులూ, మేకల్లేని కొట్టాలూ, ఎవరూ కూర్చోని మంచాలూ ఉండేవి. ఒకసారి తెలివి చూపించబోయినాను. "కన్ను పెట్టకపోతే ప్రాణం లేనట్టే గదా జేజీ" అని. "గుడ్డి మేకకి ప్రాణం ఉండదా ఏందే?" అన్నది. నోరు మూసుకొని తుడిచినాను.

చలికాలం పొద్దు తొందరగా గూకుతది. బడి నుంచి వచ్చి పలక పట్టుకునేసరికి ఇంక గంట టైముంటే ఎక్కువ. అందుకని నాకు గబగబా గీయడం అలవాటయింది. ఇంకో అలవాటు కూడా అయింది. అది మంచిదో చెడ్డదో చానా రోజులు తెలియలేదు. పలక నల్లగా ఉంటది, బలపం తెల్లగా ఉంటది. కాబట్టి వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడే గీయాల. ముక్కు దూలం, బుగ్గ ఎముక, నొసలు. నీడ ఉన్నచోట ఏం చెయ్యబల్లేదు, పలకే నీడ. నాకు ఎవరూ చెప్పలేదు ఇది. చేతికి దానంతటదే వచ్చింది.

తుడిచేటప్పుడు ఏడుపు రాలేదా అని అడుగుతారు. ఒకసారి వచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని గొట్టంతో మంట ఊదుతా ఉంటే గీసినాను. ఎట్ల కుదిరిందో, ఊదేటప్పుడు ఉబ్బిన బుగ్గతో సహా అమ్మే. అమ్మ కూడా చూసి "నేనింత బాగుంటానా" అన్నది. అజాన్ అయింది. నేను పలకని కడుపుకి కరుచుకున్నాను. జేజి తడిగుడ్డ తెచ్చింది. ఈ ఒక్కటీ ఉండనీ అని కాళ్ళ మీద పడినంత పని చేసినాను. జేజి తుడిచేసింది. నా గౌను మీద అంటుకున్న పొడి కూడా తుడిచింది. మా నాయన అడకత్తెరలో పోకచెక్క, ఇటు తల్లి, అటు కూతురు. "రేపు ఇంకో పలక తెస్తాలే పాపా" అన్నాడు. "నాకు పలక కాదు, బొమ్మ కావాల" అని ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచినాను. ఆ రాత్రి జేజి పక్కన పండుకోలేదు. కోపంతో ఒళ్ళంతా మండింది. మళ్ళా పొద్దున లేచి పలక పట్టుకున్నాను.

ఎనిమిదో తరగతిలో గిద్దలూరులో బొమ్మల పోటీ జరిగితే మా బడి నుంచి నన్ను పంపినారు. నాయన పని మానుకొని తోడు వచ్చినాడు. తెల్ల కాగితం, పెన్సిల్ ఇచ్చి, మీ ఇంట్లో మనిషిని ఒకరిని గీయండి అన్నారు. అప్పటిదాకా కాగితం మీద నేను పటాలూ, పువ్వు బొమ్మలూ తప్ప ఏమీ గీసి ఎరగను. జేజిని గీద్దామనుకున్నాను. పలక మీద ఎట్ల గీస్తానో అట్లనే మొదలుపెట్టినాను. వెలుతురు పడ్డ ముక్కు మీద పెన్సిల్, బుగ్గ మీద పెన్సిల్, నెరిసిన జుట్టు గదా, ఒక్క వెంట్రుక విడవకుండా ఒత్తి ఒత్తి పెన్సిల్. నీడలన్నీ వదిలేసినాను. దగ్గరగా కూర్చొని గీసేటప్పుడు ఏం తెలియలేదు. లేచి నిలబడి చూస్తే తెలిసింది. తెల్ల జుట్టు ముసలమ్మకి బొగ్గులాంటి జుట్టు. ముక్కు నల్లగా, కంటి గుంటలు తెల్లగా.

అక్కడి డ్రాయింగ్ సార్ ఆ కాగితం పైకెత్తి అందరికీ చూపించినాడు. "మనిషిని గీయమంటే దయ్యాన్ని గీసిందిరా ఈ పాప! ఫోటో స్టూడియోలో నెగటివ్ ఫిల్ము చూస్తే ఇట్లనే ఉంటది." హాలంతా గొల్లుమన్నది. సిగ్గుతో చచ్చిపోయినాను. మా నాయన కిటికీ బయట నిలబడి చూస్తానే ఉన్నాడు.

తిరుగు బస్సులో నాయన నన్ను ఓదార్చాలని చూసి, ఆ బొమ్మ గుర్తొచ్చి, ఆపుకోలేక కళ్ళల్లో నీళ్ళు వచ్చేట్టు నవ్వినాడు. ఇంటికి పోయినాక జేజి దగ్గర ఇంకా మసాలా పెట్టి చెప్పినాడు. జేజికి కోపం రాలేదు. "నా జుట్టు నల్లగా చేసిందా? ఈ వయసులోనా?" అని తల తడుముకొని మురిసిపోయింది. ఆ తర్వాత గుర్తొచ్చింది ఆమెకి.

"ఆ కాగితం యాడుంది?"

"సార్ దగ్గర."

"తుడిచినాడా?"

"కాగితం తుడవరు జేజీ. అట్లనే ఉంటది."

జేజి నవ్వు ఆగిపోయింది. "అయితే కాగితం మీద వద్దు. పలక మీద ఎంతైనా గీసుకో. కాగితం వద్దు" అన్నది. అక్కడికి కొత్త కానూను వచ్చింది.

ఇంటర్ అయినాక హైదరాబాదులో బొమ్మలు నేర్పే కాలేజీలో సీటు వచ్చింది. మా ఇంగ్లీషు టీచరమ్మ అప్లికేషన్ తెప్పించి, పరీక్షకి కూడా వెంటబెట్టుకొని పోయింది. సీటు వచ్చిన సంగతి తెలిసినాక ఇంట్లో మాటలు తగ్గినాయి. కాలేజీ అంటే అంతా కాగితమే గదా. నాయన నన్ను పంపాలనే ఉన్నాడు గానీ "మీ జేజిని అడుగు" అనేవాడు. జేజిని అడిగితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. గోడకి చెప్పినా ఒకటే, ఆమెకి చెప్పినా ఒకటే. నాకు ఆ కాలేజీ తప్ప ఇంకేమీ వద్దు. పంపకపోతే ఇంక జన్మలో బలపం ముట్టుకోనని అమ్మతో చెప్పినాను. అన్నంత పనీ చేసేదాన్నే, నేను కూడా ఆమె మనవరాలినే గదా.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు జేజి తనే ఒక పలక తుడిచి తెచ్చి నా ముందర పెట్టింది. ఆమెకి అప్పటికే రెండు కళ్ళల్లో పొర వచ్చింది. మొఖం దగ్గరగా పెట్టి మాట్లాడేది.

"ఒక పిల్లోడిని గీయి" అన్నది.

"ఎవురిని?"

"చెప్తా గీయి. అయిదేళ్ళు నిండలేదు. మీ నాయన కంటే ముందు పుట్టినోడు."

నాయనకి అన్న ఒకడు ఉండి పోయినాడని నాకు తెలుసు. అంతకంటే ఏమీ తెలియదు. జేజి ఏనాడూ నోరెత్తి చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. పిల్లోడికి జ్వరం తగ్గకపోతే నంద్యాల ఆస్పత్రికని బస్సు ఎక్కినారంట. బేస్తవారిపేట వచ్చేసరికి ఒళ్ళోనే పోయినాడంట. ప్రాణం లేని పిల్లోడిని బస్సులో ఉంచుకోలేమని కండక్టరు దింపేసినాడు. అక్కడ వాళ్ళకి ఎవరూ తెలియదు. ఆ ఊరివాళ్ళే నలుగురు వచ్చి గోరీ తవ్వి, పొద్దుగూకేలోగా మట్టి చేసినారు. జేజీ తాతా మళ్ళీ బస్సెక్కి ఇంటికి వచ్చినారు. బేస్తవారిపేటలో బస్సు ఆగినప్పుడల్లా జేజి కొంగు మొఖం మీదికి ఎందుకు లాక్కుంటదో నాకప్పుడు అర్థమయింది. దుమ్ముకేమో అనుకునేదాన్ని.

"ఫోటో లేదు. కళ్ళు చూస్తే ఇట్లయినాయి. మొఖం మరిచిపోతా ఉన్నా. పూర్తిగా పోకముందర ఒక్కసారి చూడాల" అన్నది.

నేను బలపం తీసుకున్నాను. ఆమె చెప్పింది. చెవులు కొంచెం ముందరికి ఉంటాయి. తల గుండ్రంగా కాదు, వెనక్కి కోలగా ఉంటది. గీసినాను. పలకని కంటికి ఆనించుకొని చూసి "బుగ్గలు అంత లేవు" అన్నది. బొటనవేలితో తుడిచి మళ్ళా గీసినాను. "నవ్వితే ఒక పక్కే నవ్వుతాడు." ఏ పక్క అంటే, తన పెదవి కదిలించి చూసుకొని చెప్పింది. "కనుబొమ్మలు యాడివి ఇన్ని? లేతగా ఉంటాయి, ఉన్నాయా లేవా అన్నట్టు." మళ్ళా తుడిచినాను. కాగితమైతే అప్పటికి చిరిగిపోయి ఉండేది. ఎంతసేపు గీసినానో తెలియదు. కంటి కింద ఒక చిన్న గీత, వేలితో కొంచెం రుద్ది తగ్గించినాను. పలక ఆమె చేతికిచ్చినాను.

జేజి చూసింది. "ఆఁ" అన్నది. పలకని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. నేను ఆమె మొఖం వైపు చూడలేక వాకిలి వైపు చూస్తా కూర్చున్నాను. అమ్మ వచ్చింది, ఎందుకో మమ్మల్ని పలకరించకుండా దొడ్లోకి పోయింది.

మగ్రిబ్ అజాన్ మొదలయింది. నేను కదలలేదు. ఈ ఒక్కదాన్ని ఉంచుకుంటదనే అనుకున్నాను. ఉంచుకోమని నోటిదాకా వచ్చింది. జేజి కొంగు కొస నాలిక మీద తడి చేసుకొని, తనే తుడిచింది. ముందు చెవులు, తర్వాత జుట్టు, ఆఖరికి కళ్ళు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. లేచి నమాజుకి కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకోడానికి పోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం మళ్ళా పలక తెచ్చింది. "గీయి" అన్నది. ఆ మరుసటి రోజూ అంతే. పొద్దుగూకేసరికి తుడిచేది, మరునాడు మళ్ళా గీయించుకునేది. మొదట్లో ప్రతి గీతకీ దిద్దింది. తర్వాత తర్వాత నా చేతికే వచ్చేసింది, ఆమె చెప్పబల్లేదు. నాకు బొమ్మలు ఎవరు నేర్పినారని అడిగితే కాలేజీ పేరు చెప్తాను. అడిగేవాళ్ళకి అది చాలు.

హైదరాబాదు పోయే రోజు బస్టాండుకి జేజి కూడా వచ్చింది. పంపుతున్నానని ఎప్పుడూ చెప్పలేదు, వచ్చి సంచి పట్టుకొని నిలబడింది, అంతే. బస్సు కదిలే ముందు నా చెయ్యి పట్టుకొని, "కాగితం మీద ఏం గీసుకుంటావో గీసుకో. నీ లెక్క నువ్వు జెప్పుకో. వాణ్ణి మాత్రం కాగితం మీద పెట్టొద్దు" అన్నది. "కాగితం యాడికి పోతదో ఏమో. ఒకసారి వాణ్ణి పరాయి ఊర్లో వదిలేసి వచ్చినా. మళ్ళా వదిలెయ్యలేను."

నేను సరే అనే లోపల బస్సు కదిలింది.

కాలేజీలో నా చెయ్యి మార్చడానికి సార్లు నానా తంటాలు పడినారు. వెలుతురు ఉన్నచోట ఎందుకు నలుపు పెడతావు, నీడ ఉన్నచోట ఎందుకు వదిలేస్తావు, నీ కళ్ళు తిరగబడి ఉన్నాయా అని. కొంతకాలానికి మారినాను. అందరి మాదిరే గీయడం వచ్చింది. అందరి మాదిరే అంటే, ఎవరు గీసినారో తెలియకుండా. బయటికి వచ్చినాక పరీక్షల గైడ్లు అచ్చేసేవాళ్ళకి కొన్నేళ్ళు పనిచేసినాను. కప్ప పొట్ట, చిక్కుడు గింజ, గుండెకాయ నాలుగు గదులు. ఖయామత్ రోజు ఆ కప్పలన్నీ లైన్లో నిలబడితే నా గతేంది అనుకొని నవ్వుకునేదాన్ని. కడుపు నిండేది. నిద్ర కూడా బాగానే పట్టేది. బొమ్మ అనే మాట గుర్తొచ్చినప్పుడు మాత్రం ఎక్కడో కలుక్కుమనేది.

అప్పుడు ఒక చిన్న సంస్థవాళ్ళు పిల్లల కథ ఒకటి ఇచ్చి, నాలుగు బొమ్మలు నమూనాకి వెయ్యండి, నచ్చితే పుస్తకం మీదే అన్నారు. వెలిగండ్ల పక్క పల్లెలో ఒక పిల్లోడు. వాళ్ళ నాయన మేకని పామూరు సంతకి తోలుకపోతే వెనకాలే పోయి, మేకని దాచిపెట్టి, తిరిగి ఇంటికి తెచ్చుకుంటాడు. కథ అంతే. తెల్ల కాగితం మీద వేస్తే ప్రతి బొమ్మా గైడులో బొమ్మ మాదిరి వచ్చింది. విసుగెత్తి ఒకరోజు నల్ల అట్ట ముక్క తీసి, తెల్ల రంగు, సన్నపు కుంచె పట్టుకున్నాను. సంతలో అంగళ్ళ మీద కట్టిన పట్టాల కింద నీడ అట్టలోనే ఉంది. నేను వెలుతురు ఒక్కటే పెట్టినాను. చెయ్యి ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చినట్టయింది. మేక వచ్చింది, సంత వచ్చింది, పిల్లోడు వచ్చినాడు. మూడో బొమ్మలో గానీ గమనించలేదు. చెవులు ముందరికి. నవ్వు ఒక పక్కే. కనుబొమ్మలు ఉన్నాయా లేవా అన్నట్టు.

మార్చాలని చూసినాను. వేరే పిల్లోడి మొఖం పెడితే మేక పక్కన ఎవరో వేషం వేసుకొని నిలబడినట్టుంది. నా చేతిలో ఇంకో పిల్లోడు లేడు. అట్లనే పంపినాను. వాళ్ళకి చానా నచ్చింది. పుస్తకం అచ్చయి చేతికి వచ్చినప్పుడు సంతోషం కంటే భయం ఎక్కువయింది. జేజికి ఆ మధ్యనే రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తాందని నాయన ఫోన్లో గొప్పగా చెప్తా ఉన్నాడు. గుడ్డిగా ఉన్నన్నాళ్ళూ ఒక రకం. ఇప్పుడు చూపించకుండా ఎట్ల ఉండేది? చూపించి ఆమె మొఖం ఎట్ల చూసేది? వాణ్ణి వదిలేసి వచ్చినానని ఆమె అంటే నాకు ఇంక చెప్పుకోడానికి ఏమీ లేదు.

పుస్తకం సంచిలో పెట్టుకొని మార్కాపురం పోయినాను. ముందు నాయనకి చూపించినాను. ఒక్కొక్క పేజీ తిప్పి, "పలక మీద గీసినట్టే ఉంది పాపా" అన్నాడు. మళ్ళా మొదటికి తిప్పి, "ఎవురీ పిల్లోడు? మా అమ్మ పోలికలు ఉన్నాయే" అన్నాడు. తను పుట్టకముందే పోయిన అన్న ఆయనకి ఎట్ల తెలుస్తాడు. పుస్తకం తీసుకొని మళ్ళా సంచిలో పెట్టినాను.

జేజి సాయంత్రం అరుగు మీద కూర్చొని ఉంటే పుస్తకం ఒళ్ళో పెట్టినాను. నల్ల పేజీలు చూసి "పలక మాదిరే ఉందే" అని ఆమె కూడా అన్నది. మేకని చూసి నవ్వింది. "మళ్ళా మేకేనా? నువ్వు మారవు" అన్నది. పేజీ తిప్పింది. పిల్లోడు సంతలో పట్టా కింద కూర్చొని మేక నోరు చేత్తో మూసి, ఒక పక్క నవ్వుతా ఉన్నాడు.

జేజి చెయ్యి ఆగిపోయింది. పుస్తకాన్ని దూరంగా పెట్టి చూసింది. పాత అలవాటు, మళ్ళా కంటికి ఆనించుకుంది. నాయన ఆమె మొఖం చూసినాడు, నా మొఖం చూసినాడు. ఆయనకి అర్థమయిపోయింది. మెల్లగా లేచి వీధిలోకి పోయినాడు.

అప్పుడే అజాన్ మొదలయింది. జేజి కొంగు కొస తీసి, నాలిక మీద తడి చేసుకొని, పిల్లోడి చెవి మీద రుద్దింది. కొంగు వైపు చూసుకుంది. తెల్ల పొడి అంటలేదు. మళ్ళా రుద్దింది, ఈసారి గట్టిగా. కాగితం కీచుమన్నది. పిల్లోడు అట్లనే నవ్వుతా ఉన్నాడు.

"పోవట్లేదే" అన్నది.

"పోదు జేజీ. అచ్చు అది."

"ఇదొక్కటేనా?"

"చానా ఉన్నాయి. బళ్ళకి పంపినారు."

"బేస్తవారిపేట బడికి?"

"అక్కడికీ పోయే ఉంటది."

జేజి పుస్తకాన్ని అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. ఆ రోజు నమాజు చానాసేపు చేసింది. నేను అరుగు మీద పుస్తకం పక్కన కూర్చున్నాను. పేజీ మూయడానికి కూడా చెయ్యి రాలేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు వద్దన్నావు జేజీ, తెలుసు" అన్నాను. "ఖయామత్ రోజు ప్రాణం పొయ్యమని అడిగేది నన్నే గదా. నా లెక్క నేను జెప్పుకుంటా."

"నువ్వేం జెప్తావే, నీ మొఖం" అన్నది. పిల్లోడి తల మీద చెయ్యి పెట్టింది, తుడవడానికి కాదు. "వీడికి ఆయనే ఒకసారి ప్రాణం పోసినాడు. ఆయనే తీసుకున్నాడు. మళ్ళా నిన్ను పొయ్యమని ఎట్లడుగుతాడు? అడిగితే నన్ను పిలువు. వాళ్ళమ్మని నేను, ఉంటా గదా ఆడనే. నేను జెప్తా."

పుస్తకాన్ని తెరిచినట్టే తీసుకపోయి మంచం మీద దిండు పక్కన పెట్టుకుంది. అమ్మ లైటు వేసింది. ఆ రోజు మగ్రిబ్ దాటినాక కూడా మా ఇంట్లో ఒక పిల్లోడు ఉన్నాడు.